షేబ గేటూ, మూడు నూనెలూ

2004వ సంవత్సరం. అనకాపల్లిలో బెల్లం మార్కెట్‌కు పోయే దారిలో నాకొక కొట్టు ఉండేది. నూనెలు, గ్రీజులు, బేరింగులు అమ్మేవాణ్ణి. ఆ రోజుల్లో మా ఊరి చుట్టుపక్కల తిరిగిన ప్రతి చక్రమూ నా కొట్లో నూనె తాగే తిరిగింది.

ఈ వాక్యం రాసి, ఒకసారి చదువుకున్నాను. అదే వీధిలో నాలాంటి కొట్లు ఇంకా ఉండేవి. వాటిలో ఒకటి నాకంటే పెద్దది కూడా. కాబట్టి ‘ప్రతి చక్రమూ’ అన్నచోట ‘కొన్ని చక్రాలు’ అని చదువుకోండి. నేను బెల్లం ఊరివాణ్ణి. పెనంలో చెరకురసం పొంగినట్టు నా మాటలూ పొంగుతాయి. రసం పొంగితే నాలుగు చుక్కల ఆముదం చిలకరిస్తారు, అణిగిపోతుంది. నా మాటల మీద ఆముదం నేనే చిలకరించుకుంటాను. మీరు కంగారు పడకండి.

ముందు నా వృత్తి గురించి రెండు మాటలు. లూబ్రికెంట్ అంటే ఇనుముకూ ఇనుముకూ మధ్య పరిచే పలచటి పొర. ఎడ్లబండ్ల కాలంలో దాన్నే కందెన అనేవారు. నూనె రాసిన చోట ఆగదు, సందుల్లోకి జారిపోతుంది. గ్రీజు పెట్టిన చోటే కూర్చుంటుంది, బరువు మోస్తుంది. గ్రాఫైట్ అని ఇంకొకటి ఉంది, పెన్సిలు ములుకులో ఉండే నల్లటి పొడి. నూనె రాస్తే దుమ్ము అంటుకునే చోట దాన్ని చల్లుతాం. ఏది ఎక్కడ వాడాలో తేల్చడానికి బరువెంత, వేగమెంత, దుమ్మెంత, తడెంత అని అడగాలి. ఆ నాలుగూ తెలిస్తే చాలు, ఈ వృత్తిలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. నా కొట్టు గోడమీద ‘కదిలేదానికల్లా మా దగ్గర నూనె ఉంది’ అని ఎర్ర రంగుతో రాయించాను కూడా. ఆ గోడరాత తర్వాత నా మీదికే వచ్చింది. చెబుతాను.

వానాకాలం చివర్లో ఒక పొద్దున్న పశువుల డాక్టరుగారు మోటారు సైకిలు మీద వచ్చి కొట్టు ముందు ఆగారు. ముప్పయ్యేళ్లు దాటని మనిషి, కళ్లజోడు, సన్నటి గొంతు. కొండకర్ల దారిలో ఒక పల్లెలో పాలు పోసేవాళ్లంతా కలిసి వేసుకున్న రేకుల షెడ్డుకు ఆయన వచ్చి వైద్యం చేసేవారు.

“మీ దగ్గర గేటుకి రాసే నూనె ఉందాండీ?”

“స్వర్గం గేటుకైనా ఉంది డాక్టరుగారూ. ఏ గేటో సెప్పండి.”

“గేదె మెడ పట్టే గేటు. కిర్రుమంటోంది. ఆ చప్పుడు వింటే చాలు, గేదెలు వెనక్కి నడుస్తున్నాయి.”

సంచీలో గ్రీజు డబ్బా, ఆముదం సీసా, గ్రాఫైట్ పొట్లం వేసుకుని ఆయన వెనక ఎక్కాను.

పశువును కదలకుండా నిలబెట్టే పైపుల చట్రాన్ని ట్రెవిస్ అంటారు. పశువుల ఆసుపత్రికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. ఈ షెడ్డులో దానికి ముందువైపు అదనంగా ఒక గేటు ఉంది. డాక్టరుగారు ఏదో పుస్తకంలో బొమ్మ చూపించి వెల్డింగు షాపులో చేయించారట. రెండు నిలువు పైపులు తలుపు రెక్కల్లా దగ్గరకొచ్చి గేదె మెడను అటూ ఇటూ పట్టుకుంటాయి. పక్కనున్న కర్రును, అంటే పొడవాటి ఇనుప పిడిని, కిందికి లాగితే గేటు మూసుకుంటుంది. ఎంతవరకు లాగితే అంతవరకే ఆగుతుంది. సన్నమెడ దూడకూ, లావుమెడ దున్నకూ అదే గేటు.

ఆ కర్రు లాగే మనిషి అప్పలనాయుడు. షెడ్డుకు కాపలా, పశువులకు బంధువు. చెయ్యి వేస్తే దున్నపోతు కూడా కూర్చుంటుంది. అబ్బే, కూర్చోదు, నిలబడుతుంది, అంతే. వరసకు నాకు ఏమీ కాడు గాని, మా వైపు మగవాళ్లకు పరిచయమైన గంటలోపే బావ వరస కుదిరిపోతుంది.

గేటు దగ్గరికి వెళ్లి చూశాను. కీళ్లు, గొళ్లేలు, పిన్నులు అన్నిటికీ నల్లటి జిగురు పట్టి ఉంది. దానిమీద ఊకా, పేడదుమ్మూ అట్ట కట్టాయి.

“ఇదేటి రాసేవు బావా?” అన్నాను.

“లారీ ఇంజన్లోంచి దించిన మడ్డాయిలు. ఉట్టినే ఇచ్చేరు,” అన్నాడు అప్పలనాయుడు గొప్పగా.

మేం మాట్లాడుతుండగానే, ట్రెవిస్‌లో ఉన్న గేదె నాలుక చాపి గేటు పిన్నును తీరుబడిగా నాకింది. డాక్టరుగారు మొహం చిట్లించారు. “చూశారా? ఇంజన్ అరిగి రాలిన లోహమంతా ఆ నూనెలోనే ఉంటుంది. ఆ విషం రోజూ కొంచెం కొంచెం దాని కడుపులోకి పోతోంది.”

నా వృత్తిలో అయిదో ప్రశ్న అప్పుడే పుట్టింది. నాలుక ఎక్కడిదాకా అందుతుంది? గేదె నాలుక ఎంత పొడవో నాకప్పటికి తెలియదు. పరీక్షిద్దామని చెయ్యి చాపితే మోచేతిదాకా చుట్టేసింది. మోచేయి కాదులెండి, మణికట్టు. గడియారం మాత్రం తడిసింది.

ఆ రోజంతా కూర్చుని గేటును కిరసనాయిలుతో కడిగాం. పైనున్న బరువు కీళ్లకు, నాలుక అందని చోట, గట్టి గ్రీజు పెట్టాను. దుమ్ము పడే గొళ్లేలకు నూనె మానేసి గ్రాఫైట్ చల్లాను. దుమ్ములో నూనె కలిస్తే ఆకురాయి ముద్దలా తయారై ఇనుమును తినేస్తుంది. నాలుక అందే పిన్నులకు ఆముదం పూశాను. ఆముదం ఇనుమును వదలకుండా పట్టుకుంటుంది, చుక్క నాకినా ప్రమాదం లేదు. పైగా గేదె ఒకసారి వాసన చూసి, మూతి ముడిచి, మళ్లీ ఆ వైపు రాదు. ఒక్కటే చిక్కు, ఆరితే బంకలా సాగుతుంది. అందుకని వారం వారం తుడిచి కొత్తది రాయమని అప్పలనాయుడికి చెప్పాను.

కర్రు పక్కన చిన్న పెట్టెలాంటి అమరిక ఒకటి మిగిలింది. దాన్ని ముట్టుకోలేదు. అక్కడ ఏమీ రాయకూడదని నా అనుభవం నాకు చెప్పింది. ఇలా చాలామందికి చెప్పుకున్నాను. నిజానికి అప్పటికి గ్రీజు డబ్బా అయిపోయింది, నాకు ఆకలేస్తోంది.

గేటు మెత్తగా మూసుకుంది. చప్పుడు లేదు. గేదెలు బెదరకుండా వచ్చి మెడ పెడుతున్నాయి. డాక్టరుగారు నాకు చేతులు జోడించారు. అప్పలనాయుడు, “బావా, నువ్వు మాంత్రికుడివి,” అన్నాడు. ఆ మాటతో నేను ఇంటిదాకా గాలిలో తేలుతూ వెళ్లాను. వెళ్లింది బస్సులోనే అనుకోండి.

దసరా వచ్చింది, వెళ్లింది. పండగ మర్నాడు కొట్టు తెరిచి బల్ల తుడుచుకుంటుంటే అప్పలనాయుడు సైకిలు పారేసినంత పని చేసి లోపలికొచ్చాడు.

“బావా! నీ గేటు డాట్రుగార్ని కొట్టేసింది!”

“నా గేటేటి? నేను నూనె రాసేను గానీ గేటు కట్టలేదు. ముందు కూకో. ఏటయింది?”

“సువార్తమ్మ గేదె బావా, షేబ. మెడ పెట్టింది. కర్రు లాగేను. డాట్రుగారు ఒంగి కొమ్ము సూత్తన్నారు. అది ఎనక్కి లాగింది. కర్రు నా సేతిలోంచి పైకి లేచిపోయింది బావా! గేటు తెరుసుకుంది, అది తల ఇసిరింది...”

“డాక్టరుగారికి దెబ్బ తగిలిందా?”

“కళ్లజోడు పోయింది. సేయి బెణికింది. నిన్ను తీసుకురమ్మన్నారు.”

సువార్తమ్మ ఆ పల్లెలోనే ఉంటుంది. భర్త విశాఖపట్నంలో పనిచేస్తూ ఆదివారానికి వచ్చి, చర్చికి వెళ్లి, మళ్లీ వెళ్లిపోయేవాడు. మిగతా రోజులన్నీ ఆమే ఇల్లు నడిపేది. నడిపేది ఆ ఒక్క గేదె పాలతోనే. బైబిల్లో షేబ దేశపు రాణిని తలుచుకుని దానికి షేబ అని పెట్టుకుంది. షేబ నడకలో నిజంగానే రాణి దర్పం ఉండేది. అప్పటికి అది చూడిగేదె, పాలు వట్టిపోయి, మాఘంలో ఈనడానికి సిద్ధమవుతోంది. ఆ ఈత మీదే ఆ ఇంటి ఆశ అంతా.

నేను వెళ్లేసరికి డాక్టరుగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. కుడి మణికట్టుకు గుడ్డ కట్టుకున్నారు. కళ్లజోడు ఒక అద్దం బీటవారింది. షేబ మూలన నిలబడి తల ఒకవైపు వంచి, ఉండుండి విదిలిస్తోంది. ఎడమ కొమ్ము మొదట్లో పుండు. దాని చుట్టూ ఈగలు. సువార్తమ్మ తాడు పట్టుకుని కొంగుతో ఈగల్ని తోలుతోంది. నావైపు చూడలేదు.

“పుండులో పురుగులు పడ్డాయండీ,” అన్నారు డాక్టరుగారు. “ఈ గేదెల కొమ్ము లోపల బోలుగా ఉంటుంది. పురుగులు అక్కడిదాకా తొలుచుకుపోతే ఇక నా చేతిలో ఏమీ ఉండదు. ఒక్కొక్కటీ తీసి మందు పెట్టాలి. తల అంగుళం కదలకూడదు.”

“తాళ్లేసి పడదోస్తే?”

“చూడిది. పడదోయలేను, మత్తు ఇవ్వడానికీ ధైర్యం చాలదు. గేటు ఒక్కటే దారి. ఈరోజు ఈ చేత్తో నేనెలాగూ చేయలేను. రేపు పొద్దున్న వస్తాను. గేటు ఆగితే చేస్తాను.”

సువార్తమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. “అన్నయ్యా, నువ్వు రాసిన కాన్నించే ఇలాగయింది అంతన్నారు అందరూ. నాకేటి తెలుసు. నువ్వే సెప్పు.”

“నేను సూత్తానమ్మా,” అన్నాను.

కర్రు పక్కనున్న ఆ చిన్న పెట్టె విప్పాను. మొదటిసారి ఆకలివల్ల వదిలేసినదే. లోపల కర్రుతో పాటు కదిలే ఒక నున్నటి ఇనుప కడ్డీ. అది కొన్ని దళసరి పలకల కన్నాల్లోంచి దూరిపోతుంది. పలకల వెనక స్ప్రింగు. దీన్ని ఫ్రిక్షన్ లాక్ అంటారు. పళ్లు లేని తాళం. ముందుకు లాగితే కడ్డీ జారుతుంది, వెనక్కి పోబోతే పలకలు వాలి కడ్డీని కొరికి పట్టుకుంటాయి. ఇప్పుడు ఇంత సుళువుగా చెబుతున్నాను గాని, ఆ రోజు నాకు దాని పేరు కూడా తెలియదు. “ఆ, ఇవి నేను చాలా చూసేను,” అన్నాను అప్పలనాయుడితో. ఒక్కటీ చూడలేదు.

స్ప్రింగు బలం తగ్గిందనుకున్నాను. అనకాపల్లి పోయి కొత్తది తెచ్చి వేశాను. పరీక్షించడానికి గేదె కావాలి కదా. షేబను మళ్లీ బెదరగొట్టడం ఇష్టం లేక, “బావా, నువ్వు గేదెవి అవ్వు,” అన్నాను.

“ఏటి?”

“మెడ పెట్టు. ఎనక్కి లాగు.”

అప్పలనాయుడు తలగుడ్డ తీసి గేట్లో మెడ పెట్టాడు. నేను కర్రు లాగి మూశాను. “లాగేదా?” అన్నాడు. “లాగు.” లాగాడు. కర్రు సర్రున పైకి లేచింది, గేటు తెరుచుకుంది, నా గేదె వెల్లకిలా పేడలో పడింది.

అంత బాధలోనూ సువార్తమ్మకు నవ్వాగలేదు. “మా షేబే నయం, నిలబడే ఉంది,” అంది.

కడ్డీ ఎక్కడో పట్టేస్తోందేమో, సాఫీగా జారితే పలకలు సరిగ్గా వాలతాయేమో అని నాకు నేనే ఒక సిద్ధాంతం చేసుకుని, కడ్డీ పొడుగునా గ్రాఫైట్ చల్లాను. అప్పలనాయుడు మళ్లీ గేదె అయ్యాడు. ఈసారి లాగనే లేదు, దగ్గాడంతే, గేటు తెరుచుకుంది.

“బావా,” అన్నాడు ఒళ్లు దులుపుకుంటూ, “నన్ను సంపేసి ఆ గేదెని బతికిత్తావేటి?”

నేను కింద కూలబడ్డాను. ఆ కూలబడటమే మేలు చేసింది. కింద నుంచి చూస్తే పలక అడుగున ఒక బొట్టు కనిపించింది. పసుపు మీద ముచ్చటగా పెట్టిన కుంకుమ బొట్టు. వేలు పెట్టాను. జారింది. వాసన చూశాను. నువ్వుల నూనె.

“ఇదేటి బావా?”

“ఆయుధపూజ కదేటి,” అన్నాడు అప్పలనాయుడు. “నా సైకిలికి, కొడవలికి, గడ్డి కోసే మిసినికి, అన్నిటికీ కడిగి నూనె రాసి బొట్టెట్టేను. ఇది మాత్రం ఆయుధం కాదేటి? నువ్వు మర్సిపోయిన చోటు కదా అని దీపం నూనె దీనికి మరికాస్త ఎక్కువే రాసేను. నీ గోడ మీదే ఉంది కదా, కదిలేదానికల్లా నూనె అని!”

లేచి బయటకొచ్చి నిలబడ్డాను. షెడ్డు వెనక పొలం గట్టున తాటిచెట్లు. గీత పనివాడొకడు మొత్తం బరువు మోకు మీద వేసి, వెనక్కి వాలి చెట్టు మీద నిలబడి ఉన్నాడు. నడుమూ చెట్టూ కలిపి చుట్టిన ఆ తాడు ఎందుకు జారదు? అతను వెనక్కి వాలుతున్నాడు గనక. ఎంత వాలితే అంత బిగుస్తుంది. తాడూ చెట్టూ రెండూ గరుకుగా, పొడిగా ఉన్నాయి గనక.

మోకుకు నూనె రాసేవాడు ఎవడైనా ఉంటాడా!

పరుగెత్తాను. యాభై దాటిన వయసులో పరుగేమిటి, గబగబా నడిచాను. పలకలు, కడ్డీ విప్పి కిరసనాయిలుతో ఒకసారి, పెట్రోలుతో ఒకసారి కడిగి, పాతగుడ్డతో పీల్చి పీల్చి తుడిచాను. మళ్లీ బిగించాను. అప్పలనాయుడు దండం పెట్టి మెడ పెట్టాడు. లాగాడు. గేటు కదలలేదు. కాళ్లు తన్నిపెట్టి లాగాడు. కదలలేదు.

“వదిలెయ్ బావా, పీక, పీక!”

పలకలు నొక్కి వదిలేశాను. ముగ్గురం నవ్వుకున్నాం. సాయంత్రం నేను విజయుడిలా ఇంటికి వెళ్లాను.

మర్నాడు డాక్టరుగారికంటే ముందే వచ్చి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి పరీక్ష పెట్టాను. అప్పలనాయుడు మెడ పెట్టి లాగాడు. సర్రున తెరుచుకుంది.

నా గుండె ఆగినంత పనైంది. ఇది పొంగించి చెప్పడం కాదు. రాత్రి తాళం వేసిన షెడ్డు. పొద్దున్నే తెరిచింది అప్పలనాయుడే.

“మళ్లీ రాసేవా?”

“నా పిల్లల మీద ఒట్టు బావా, ముట్టుకోలేదు!”

పెట్టె విప్పాను. పలకల మీద తళతళలాడుతూ నూనె. వాసన చూశాను. నువ్వుల నూనె కాదు, ఆముదం కాదు. కొబ్బరినూనె.

షేబ తాడు పట్టుకుని నిలబడిన సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అన్నయ్యా... అది నేనే.”

“నువ్వా?”

“రాత్రి పాస్టరుగారింటికి ఎల్లేను. ప్రార్థన సేసి నూనె ఇచ్చేరు. రోగం వచ్చినోళ్లకి నుదుటి మీద రాత్తారు కదా. షేబ తల ముట్టుకోనీదు. పొద్దున్న నాయుడన్నయ్య నీళ్లకి ఎల్లినప్పుడు, దాని బతుకంతా దీని మీదే కదా అని... గేటుకి రాసేను. నువ్వు కట్టపడి బాగుసేసిన చోటే రాసేను.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “నా సేతుల్తో నేనే దాన్ని సంపేసేదాన్నేమో.”

అప్పలనాయుడు ఆమెను ఏమీ అనలేదు. అనడానికి అతనికి నోరెక్కడిది? నాకైనా ఎక్కడిది? ఆ కడ్డీ మీద నా గ్రాఫైట్ మరక ఇంకా ఒక పక్క నల్లగా మెరుస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడు డాక్టరుగారు మోటారు సైకిలు దిగారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. నాకంత అలవాటు లేని పని. ఎవరు ఏది రాశారో, ఎందుకు రాశారో, నా గ్రాఫైటుతో సహా. ఆయన బీటవారిన అద్దంలోంచి మా ముగ్గురినీ వరసగా చూశారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే పడవలసిందే.

“ముగ్గురూ దాని మంచికే రాశారు,” అన్నారు. “ఇప్పుడు ముగ్గురూ చేతులు తుడుచుకోండి.”

అంతే. ఇన్నేళ్లయినా ఆ మాటకు నేను ఆయనకు రుణపడే ఉన్నాను. చదువుకున్న మనిషి, దెబ్బ తిన్న మనిషి, ఒక్క మాటతో మమ్మల్ని దోషుల వరసలోంచి తీసి పనివాళ్ల వరసలో నిలబెట్టారు.

నేను పెట్రోలు సీసా తీశాను. అది నిన్నటితోనే అడుగంటింది. అనకాపల్లి పోయి రావడానికి వ్యవధి లేదు. సువార్తమ్మ కళ్లు తుడుచుకుని, “ఇత్తడి బిందెకి పట్టిన జిడ్డు పోగొట్టడానికి పెట్రోలెందుకన్నయ్యా?” అని ఇంటికి పరుగెత్తింది. చింతపండు, పొయ్యిలో బూడిద, కొబ్బరిపీచు తెచ్చింది. ఆ పలకల్నీ కడ్డీనీ ముందేసుకుని తోమింది చూడండి, ఇనుము వెండయింది. వెండి కాదు, ఇనుమే. కాని మొహం చూసుకోవచ్చు. అప్పలనాయుడు నీళ్లు పోశాడు. నేను గుడ్డతో ఒత్తి, ఎండలో పెట్టి, చేత్తో ముట్టుకోకుండా కాగితంతో పట్టుకుని బిగించాను.

అప్పలనాయుడు గేదె అయ్యాడు. మూడుసార్లు లాగాడు. గేటు రాయిలా నిలబడింది.

షేబను తెచ్చాం. కీళ్లకు పెట్టిన గ్రీజు తన పని తాను చేసింది. గేటు చప్పుడు లేకుండా మూసుకుంది. షేబ నాలుక చాపబోయి, పిన్ను వాసన చూసి, ఆముదానికి మూతి ముడిచింది. ఆ తర్వాత డాక్టరుగారు కొమ్ము దగ్గరికి వంగారు. మొదటి పురుగును పట్టకారుతో లాగగానే షేబ ఒళ్లంతా కూడగట్టుకుని వెనక్కి లాగింది. చట్రం పునాదితో సహా మూలిగింది. నా కళ్లు కడ్డీ మీదే ఉన్నాయి. పలకలు వాలాయి, కొరికాయి, ఆగాయి. ఎంత లాగితే అంత గట్టిగా ఆగాయి.

సువార్తమ్మ ఒక చెవి దగ్గర ఏదో పాట సన్నగా పాడుతోంది. అప్పలనాయుడు రెండో చెవి దగ్గర, “అమ్మా, తల్లీ, అయిపోయింది, అయిపోయిందమ్మా,” అంటున్నాడు. బెణికిన చేత్తోనే డాక్టరుగారు పురుగుల్ని ఒక్కొక్కటీ తీసి గిన్నెలో వేస్తున్నారు. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. చివరికి మందు గుడ్డ కుక్కి, నడుము పట్టుకుని నిటారుగా నిలబడి, “లోపలిదాకా పోలేదు,” అన్నారు.

సువార్తమ్మ అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

తర్వాత రోజూ షేబ వచ్చి మెడ పెట్టింది, కట్టు మార్పించుకుంది. పుండు మానింది. ఆ చోట కొమ్ము కొంచెం వంకర తిరిగింది, కిరీటం పక్కకి ఒరిగిన రాణిలా. మాఘంలో పెయ్యదూడ పుట్టింది. ఒక మధ్యాహ్నం సువార్తమ్మ గిన్నె మీద అరిటాకు కప్పి, బస్సులో అనకాపల్లి వచ్చి, నా కొట్టు బల్లమీద పెట్టింది. జున్ను. మా ఊరి బెల్లమే, మిరియాలూ వేసి వండింది.

“దూడకేటి పేరెట్టేవమ్మా?” అన్నాను.

“ఇంకా పెట్టలేదన్నయ్యా. నాయుడన్నయ్య దుర్గ అనమంతన్నాడు. మా ఆయన ఎస్తేరు అంతన్నాడు. నువ్వేటంతావు?”

నేను గ్రాఫైట్ అందామనుకుని నోరు మూసుకున్నాను. చివరికి ఆ దూడ ఇంట్లో ఎస్తేరు, షెడ్డులో దుర్గ. రెండు పేర్లకూ పలికేది.

ఆ జున్ను రుచికి సగం ఊరు నా కొట్టు ముందు వరస కట్టింది. లేదు. నేనొక్కణ్ణే, తలుపు దగ్గరగా వేసుకుని, గిన్నె తుడుచుకుని తినేశాను. ఇంటికి కూడా పట్టుకెళ్లలేదు. ఇది మా ఆవిడ చదవకూడదని కోరుకుంటున్నాను.

తర్వాత పశువుల సామాను చేసే వెల్డింగు షాపులవాళ్లు చాలామంది నా దగ్గరికి వచ్చేవారు. పైకీలుకు ఏ గ్రీజు, గొళ్లేనికి ఏ పొడి, నాలుక అందే చోట ఏ నూనె అని అడిగేవారు. అన్నీ చెప్పి, చివర్లో నేనే ఒకటి అడిగేవాణ్ణి: “ఇందులో ఏదీ రాయకూడని చోటు ఎక్కడుందో ముందు అది చూపించు.” ఇనుము జారడానికి సాయం చేయడమే నా వృత్తి అనుకున్నాను. కొన్నిచోట్ల ఇనుము జారకుండా ఉండాలి. ఆ చోట నా వృత్తి మొత్తం చేతులు కట్టుకుని నిలబడటంలో ఉంది. దాన్ని నాకు నేర్పినవాళ్లలో ఒకరు డాక్టరు, ఒకరు కాపలాదారు, ఒకరు పాలమ్మే మనిషి, ఒకటి గేదె. నలుగురికీ దండాలు. ఆ రోజు చెట్టు మీద వాలి నిలబడిన, ఎవరో కూడా తెలియని గీత పనివాడికి ఇంకో దండం.

మరుసటి ఏడు ఆయుధపూజకు అప్పలనాయుడు నన్ను పిలిచాడు. సైకిలు, కొడవలి, గడ్డి మిషను అన్నీ నూనెతో నిగనిగలాడుతున్నాయి. గేటు పక్కనున్న ఆ చిన్న పెట్టెకు మాత్రం మూత మీద పొడి కుంకుమ బొట్టు, ఒక బంతిపువ్వు. అంతే. సువార్తమ్మ కూడా ఏదో పనిమీద అటు వచ్చింది. పూజ అయ్యేదాకా దూరంగా నిలబడి, తర్వాత దగ్గరకొచ్చి, అరచేతిని చీరకు రెండుసార్లు తుడుచుకుని, ఆ మూత మీద వట్టి చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది.

ఆమె వెళ్లాక నేనూ జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాను. వేళ్ల సందులు, గోళ్ల మూలలు, అన్నీ. మూత మీద చెయ్యి పెట్టాను. చల్లగా, గరుకుగా తగిలింది. జీవితంలో మొదటిసారి నా చేతికి నూనె లేదు.

మొదటిసారి అన్నది కాస్త ఎక్కువే. ఆదివారాలు తలంటుకున్నాక కూడా ఉండదు. కాని ఆ చల్లదనం మాత్రం ఉన్నదున్నట్టుగానే చెప్పాను, అంతే.